మూడో తోక

పెళ్ళయిన మొదటి నెలంతా మా ఆయన నా ముఖం చూడలేదు. సిగ్గనుకునేరు! కళ్ళు తెరుచుకుంటేగా చూడ్డానికి. ఆయనకి లక్క పడలేదు. చెట్టుకు గాటు పెడితే కారే పాలే లక్క. మా వాజిమా ఊళ్ళో పిల్లలు ఆ వాసనలోనే పుట్టి ఆ వాసనలోనే పెరుగుతారు, కాబట్టి మాకేం కాదు. ఆయన కొండమీది వరిపొలాల మనిషి. మా గడప తొక్కిన మూడో రోజుకి ముఖం ఉబ్బిపోయింది, మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. కొత్త పెళ్ళికూతుర్ని, పొద్దున్నే లేచి వాగుకి పోయి పీతలు పట్టుకొచ్చి, దంచి, ఆ రసం ఆయన ముఖానికి పూసేదాన్ని. ఇల్లంతా నీచుకంపు. పక్కింటివాళ్ళు ముక్కు మూసుకుని మరీ మా గుమ్మం ముందు నుంచి నడిచేవాళ్ళు.

ఒకరోజు విసుగొచ్చి అనేశాను.

"ఎందుకొచ్చిన బాధండీ ఇది? మీ ఊరికి పోయి హాయిగా నాట్లు వేసుకోకూడదూ?"

"పొలం మా అన్నది. అక్కడ నాకు కూర్చుని గోక్కోడానికి కూడా చోటు లేదు," అన్నాడు. మోచెయ్యి గోక్కుంటూ, "పైగా అక్కడ నువ్వుండవుగా," అన్నాడు.

ఆ వాచిన ముఖంతో ఆ మాట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గిన్నెలో మిగిలిన పీతల రసమంతా ఆయన చెవుల మీద పూసేశాను. అవి అసలు వాయనే లేదు. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది ఆ పూటే, నీచుకంపు మధ్య.

ఆయన పేరు సకుజి. మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. మా ఎనొకిదా వాళ్ళది నాలుగు తరాలుగా లక్క పెట్టెల మీద బంగారు పొడి చల్లి బొమ్మలు వేసే ఇల్లు. ఆ పని అందుకోవలసిన మా అన్న యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. అమ్మ నా పన్నెండో ఏటే పోయింది. ఇంట్లో మిగిలింది మా నాన్న తొయోకిచి, నేను, అంటే ఈ ఫుసాయే. ఆడపిల్లకి కుంచె ఇవ్వడం మా నాన్న ఎరుగడు. నా చేత పెట్టెలకి మెరుగు పెట్టించేవాడు, అంతే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పోనివ్వండి, ఇది నా కథ కాదు.

మా నాన్నకి ఒకే ఒక్క సరదా ఉండేది. ఆగస్టు వచ్చిందంటే పొద్దుటి సంతకి కొండవాళ్ళు గజ్జెపురుగుల్ని వెదురుగూళ్ళలో పెట్టి అమ్మకానికి తెస్తారు. పుచ్చగింజంత నల్ల పురుగు. రెక్కలు పైకెత్తి రాసిందంటే దూరంగా ఎవరో చిన్న గజ్జె కదిపినట్టుంటుంది. నాన్న ఏటా ఒక గూడు కొని, వంకాయ ముక్క లోపల పెట్టి, వసారాలో వేలాడదీసి వింటూ కూర్చునేవాడు. ఒక ఏడు సంతలో ఆయన చూపు పురుగు మీద కాక గూటి మీద పడింది. వెదురుని దారమంత సన్నగా చీల్చి అల్లారు దాన్ని.

"ఎవరయ్యా అల్లింది?"

"నేనేనండీ."

"ఏదీ, చెయ్యి చూపించు."

నడిసంతలో, ఎద్దు పళ్ళు చూసినట్టు, ఆ కుర్రాడి వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూశాడట. నెల తిరక్కుండా పెళ్ళిమాటలు. పెళ్ళయితే చేశాడు గాని మా ఇంటి పేరు మాత్రం వెంటనే ఇవ్వలేదు. "మూడేళ్ళు చూస్తాను. చెయ్యి కుదిరితే ఊరి కచేరీ పుస్తకంలో నీకు మా పేరు రాయిస్తాను. కుదరకపోతే ఎవరి దారి వాళ్ళది," అన్నాడు. అంటే ఆ మూడేళ్ళూ నేను పెళ్ళయినదాన్నో కానిదాన్నో నాకే తెలియదు.

దద్దుర్లు రెండో ఏటికి తగ్గాయి. పని మాత్రం వచ్చీరానట్టుగా వచ్చింది. మా పనిలో ఋతువు ఎప్పుడూ ఒకడుగు ముందే ఉండాలి. శరత్తు పెట్టె శరత్తు రాకముందే కొన్నవాళ్ళ చేతిలో పడాలి, ఋతువు దాటాక బయటికి తీస్తే నలుగురూ నవ్విపోతారు. అందుకని మంచు కురుస్తుంటే మిణుగురుల్ని గీస్తాం, వానల్లో గజ్జెపురుగుల్ని గీస్తాం. ఇది ఆయనకి ఒక పట్టాన మింగుడుపడలేదు.

"బయట మోకాలిలోతు మంచు పెట్టుకుని మిణుగురు ఎలా వాలుతుందో ఎలా చెప్పమంటారు మావయ్యగారూ?"

"నమూనా కాగితం చూసి చెప్పు," అనేవాడు నాన్న.

ఆయన కాగితం చూసేవాడు కాదు. వేసవిలో గట్ల మీద బోర్లా పడుకుని పురుగుల్ని చూసి గీసి దాచుకునేవాడు, మంచులో అవి తీసేవాడు. ఆయన బట్టలు ఉతకాలంటే ముందు జేబులు దులపాలి. ఒకసారి నడుం పట్టీలోంచి మిడత నా ముఖం మీదికే దూకింది. నా కేకకి పక్కవీధి వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఈయనేమో మిడత కాలు విరిగిందేమోనని వంగి చూస్తున్నాడు!

నాన్న ఎప్పుడూ బాగుందని అనలేదు. పని చేతికిస్తే వేలు పెట్టి ఇటునుంచి అటు తడిమేవాడు. మా బొమ్మలు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి, చివరి మెరుగు పెట్టేది కూడా ఉత్త వేలితోనే, కాబట్టి అది మాకు వింతగా తోచేది కాదు. తడిమి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" పొట్టిదైతే ఆ పూట మా ఆయన రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

మూడో ఏడు జూన్‌లో, వానలు పట్టుకున్నాక, కనజావా పట్నం నుంచి, అతిథులకి పద్ధతిగా టీ కాచి ఇవ్వడం నేర్పే ఒక గురువమ్మ పెట్టె కావాలని కబురు చేశారు. రాతసామాను పెట్టుకునే పెట్టె, మూత మీద శరత్తు పురుగులు, ఆగస్టు మొదటి వారానికల్లా చేతికందాలి. పని తెచ్చింది మా పెట్టెలు కొనే హమగకి అనే షావుకారు. నాన్న బీరువా అడుగునుంచి మా ముత్తాత తండ్రి గీసిన నమూనా కాగితం తీశాడు. రెల్లుగడ్డి మీద రెక్కలెత్తి పాడే గజ్జెపురుగు, వెనక మూడు తోకలు. సంతకం చూడకుండా తోకలు లెక్కపెట్టి "ఇది ఎనొకిదా వాళ్ళ పెట్టె" అని చెప్పేవాళ్ళు అప్పట్లో. ఆ కాగితం మా నాన్న ఎవరి చేతికీ ఇవ్వగా నేను చూడలేదు. మా ఆయన చేతిలో పెట్టాడు. ఇదే పరీక్ష అని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

మా ఆయన దాన్ని వెలుగుకి పట్టుకుని చూశాడు. దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూశాడు.

"మావయ్యగారూ, ఇది ఆడదండీ."

"ఏది?"

"ఈ పురుగు. మూడోది తోక కాదండీ, గుడ్లు పెట్టే సూది. మగదానికి రెండే ఉంటాయి."

"అయితే ఏంటట?"

"రెక్కలెత్తి పాడుతోంది కదండీ ఇక్కడ. ఆడది పాడదు. మగది పాడుతుంటే ఇది వింటుందంతే."

నాకు నవ్వొచ్చింది. "మన ఇంట్లో నేనే కదా ఎక్కువ మాట్లాడేది, అదీ అంతేనేమో," అనబోయి నాన్న ముఖం చూశాను. మానుకున్నాను.

"మా ముత్తాతకి తెలియలేదు, మా తాతకి తెలియలేదు, మా నాన్నకి తెలియలేదు. ఇప్పుడు నీకు తెలిసిందన్నమాట," అన్నాడు నాన్న, కుడి కనుబొమ్మ మీది పాత మచ్చ రుద్దుకుంటూ. చిన్నప్పుడు మేడమెట్ల మీద జారితే పడిన మచ్చ అని చెప్పేవాడు. కోపమొస్తే చెయ్యి అక్కడికే పోయేది.

"అలా అని కాదండీ..."

"కాగితంలో ఉన్నట్టు గియ్యి. నీ పొలం చదువు పొలంలోనే ఉంచుకో."

షావుకారు హమగకి ఇంకా అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన పకపకా నవ్వాడు.

"అల్లుడుగారూ, మూడు తోకలుంటేనే అది ఈ ఇంటి పురుగు. రెండైతే ఎవరి పురుగైనా కావచ్చు, నేనెలా అమ్మాలి? ఆ గురువమ్మ ఏమన్నా పురుగు వెనక చేరి తోకలు చూస్తుందా?"

"వాళ్ళింట్లో గూడుంటే చూస్తారండీ," అన్నాడు మా ఆయన. చూశారా, ఎంత మొండిఘటమో!

నాన్న కాగితం మడిచి ఆయన ముందు పెట్టాడు. "శుక్రవారానికి మూత మీద పురుగుండాలి. మూడు తోకలతో. లేదంటే మూట కట్టుకుని మీ కొండెక్కు," అన్నాడు. ఇంటి పేరుకి పెట్టిన గడువు కూడా ఆ ఏడుతోనే తీరుతోంది. నాకు అప్పటికి మూడో నెల. ఆ సంగతి మా ఆయనకి చెప్పాను గాని నాన్నకి ఇంకా చెప్పలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ ఆయన మీద పడ్డాను.

"ఒక్క గీతండీ! వెంట్రుకంత గీత! గీసి పారేస్తే మీ సొమ్మేం పోయింది?"

"ఏమీ పోలేదు."

"మరేంటి మీ బాధ? పుట్టబోయే బిడ్డకి ఏం చెప్పమంటారు? మీ నాన్న పురుగు తోక కోసం మనల్ని వదిలేసి పోయాడని చెప్పనా? ముసలాయన్ని ఒంటరిగా వదిలి నేను మీ వెంట రాలేను. మిమ్మల్ని వదిలి ఇక్కడ ఉండలేను. నన్నేం చేయమంటారు?"

ఏడుపొచ్చేసింది నాకు. ఆయన నా ఒళ్ళోంచి చిక్కుడు చేట తీసుకుని మిగిలినవన్నీ తనే ఒలిచాడు. అంతా అయ్యాక, "గీస్తాలే," అన్నాడు.

"నిజంగా?"

"నువ్విలా ఏడుస్తుంటే ఇంకేం చేస్తాను?"

నాలుగు రోజులు పని నడిచింది. లక్క గట్టిపడేది తేమకే. వానాకాలం కదా, మందంగా వేస్తే పైన తొందరగా గట్టిపడి ముడతలు పడుతుంది. పల్చగా గీయాలి, మెత్తటి బొగ్గుపొడి చల్లాలి, తేమ బీరువాలో పెట్టాలి, ఆరాక మళ్ళీ గీయాలి. అలా పొర మీద పొర వేస్తే పురుగు మూత మీదినుంచి కొద్దిగా లేస్తుంది. ఆఖరిపొర తడిగా ఉండగానే వెదురుగొట్టంలో బంగారు పొడి పోసి వేలితో తట్టి రాల్చాలి. ఎలుక వెంట్రుకల కుంచె పట్టుకుని ఆయన కూర్చుంటే నేను పలకరించను కూడా పలకరించలేదు.

శుక్రవారం పొద్దున బీరువా తలుపు తీసి చూశాను. పురుగు ఎంత బాగుందంటే, చెయ్యి పెడితే ఎగిరిపోతుందేమో అనిపించింది. తోకలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. రెండే. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏవండీ! మూడోదేదీ?"

"మూడుసార్లు కుంచె ఆనించాను, ఫుసాయే. చెయ్యి కదల్లేదు."

"కదల్లేదా? మిడతలు పట్టడానికి కదులుతుందే! సరే అయితే!"

గుడ్డ పరిచి ఆయన బట్టలు, చెప్పులు, కుంచెలు, పురుగుల బొమ్మలు అన్నీ దాంట్లోకి విసిరి మూటకట్టాను. ఈడ్చుకొచ్చి పనిగది గుమ్మంలో పడేశాను. కట్టినదాన్ని నేనే, దాని పక్కన కూలబడి ఏడ్చినదాన్నీ నేనే. ఆయన మూత ముందు కూర్చునే ఉన్నాడు.

అప్పుడు నాన్న వచ్చాడు. తిన్నగా నడిచి వచ్చి ఆ మూట తట్టుకుని పడబోయాడు. మా ఆయన ఒక్క దూకున లేచి పట్టుకున్నాడు. పట్టపగలు, గుమ్మానికి అడ్డంగా అంత మూట! నాన్న చెయ్యి గాలిలో గోడ కోసం వెతుకుతోంది. ఎప్పటినుంచి? తడిమి చూడ్డం అలవాటనుకున్నాం గాని, ఈయనకి కనబడ్డం మానేసి ఎన్నాళ్ళయిందో! ఒకే ఇంట్లో ఉండి, రోజూ అన్నం పెట్టి, నాకు తెలియలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

"మూత ఇటివ్వు," అన్నాడు నాన్న కూర్చుని, ఏమీ జరగనట్టు.

మా ఆయన ఇచ్చాడు. నాన్న చూపుడువేలు చెంప మీద తుడుచుకుని మూత మీద పెట్టాడు. గడ్డి మీదుగా పోయి పురుగు తల మీద ఆగింది. రెక్కల అంచు వెంబడి మెల్లగా దిగింది.

"ఒకటి," అన్నాడు. "రెండు." వేలు పక్కకి జరిగి వెతికింది, వెనక్కొచ్చి మళ్ళీ వెతికింది.

"మూడోది గీయడం మర్చిపోయావా?"

అదిగో, దారి చూపించాడు! అవునండీ మర్చిపోయాను, ఇప్పుడే గీస్తానంటే పోయేది. కళ్ళతో బతిమాలాను.

"మర్చిపోలేదండీ," అన్నాడు మా ఆయన.

ఇక నేను ఆగలేకపోయాను.

"నాన్నా, ఆయన్ని పంపించేస్తే నేనూ పోతాను. ఇంకో మూట కట్టుకుంటాను. నా కడుపులో ఉన్నదీ మాతోనే వస్తుంది. చెప్పేశాను!"

నాన్న ముఖం నా గొంతు వైపు తిప్పాడు. చెయ్యి కనుబొమ్మ మీదికి పోయింది, కాని ముఖంలో కోపం లేదు.

"ఇది మెట్ల మీద పడితే తగిలింది కాదు," అన్నాడు. "పందొమ్మిదో ఏట నేనూ గూటి ముందు కూర్చుని చూశాను. ఆడది పాడదని మా నాన్నకి చెప్పాను. లక్క కలిపే చెక్కగరిటె తీసుకుని కొట్టాడు. ఇంకో వేలెడు కిందికి తగిలుంటే కన్ను పోయేది."

"మరి మెట్లన్నావేంటి నాన్నా?"

"కన్న తండ్రి కొట్టాడని పిల్లలకి చెప్పుకుంటామా? మూడోది గీశాను. నలభై మూడేళ్ళు గీశాను. గీసిన ప్రతిసారీ తప్పని తెలుసు." వేలు ఆ రెండో తోక చివరే ఉంది ఇంకా. "నీది నాకంటే గట్టి చెయ్యయ్యా."

మా నాన్న నోట ఒక మనిషిని మెచ్చుకునే మాట నేను వినడం అదే మొదటిసారి. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి షావుకారుగారు ఒప్పుకోరు కదండీ," అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి ఇంటి సంగతి!

"వాడికి మూడు తోకలు కావాలి, అంతేగా? ఉంటాయి. మూత తిరగెయ్యి. పైన మగది పాడుతుంది, లోపల ఆడది వింటుంది."

"ఇప్పుడే గీస్తానండీ."

"నువ్వు కాదు. మూడు తోకల పురుగుకి నాకు కళ్ళక్కర్లేదు. కుంచె ముంచి ఇవ్వు."

మా ఆయన మూత పట్టుకున్నాడు, నాన్న వేలుని తీసుకుని ఎక్కడ మొదలుపెట్టాలో ఆనించి చూపించాడు. నాన్న ఊపిరి బిగబట్టి గీశాడు. తల, ముడిచిన రెక్కలు, మీసాలు. చేత్తో చూస్తున్నట్టే ఉంది. ఒక తోక నిటారుగా వచ్చింది, రెండోదీ వచ్చింది. మూడోది సగం దాకా వచ్చాక చెయ్యి వణికింది. గీత ఒక పక్కకి వంగి, మళ్ళీ సర్దుకుంది. లక్క తడిగా ఉండగా తుడిచి మళ్ళీ గీయొచ్చు. తుడిచే దూది మా ఆయన చేతిలోనే ఉంది.

"సరిగ్గా వచ్చిందా?" అని అడిగాడు నాన్న.

మా ఆయన ఆ తోక వైపు చూశాడు. తప్పుగీత ఒక్కటి గీయలేక పెళ్ళాన్నీ ఇంటినీ వదులుకోబోయిన మనిషి.

"సరిగ్గా వచ్చింది మావయ్యగారూ," అన్నాడు. దూది పక్కన పెట్టి, వెదురుగొట్టం తీసి బంగారు పొడి రాల్చాడు.

"అయితే మూల సంతకం పెట్టు. ఎనొకిదా సకుజి అని," అన్నాడు నాన్న. ఆ మధ్యాహ్నం నేను మూట విప్పి బట్టలన్నీ మళ్ళీ సర్దాను. మిడత రెక్క ఒకటి దొరికితే అదీ ఆయన సొరుగులోనే పెట్టాను.

హమగకి మూత పైన చూసి మొహం మాడ్చుకున్నాడు, తిరగేసి మూడు తోకలూ లెక్కపెట్టుకుని పట్టుకెళ్ళాడు. నాన్న ఇంకో నాలుగు శరత్తులు బతికాడు. వసారాలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని గూట్లో పురుగు పాట వింటూ కూర్చునేవాడు. ఆయన చేత్తో పట్టిన చివరి కుంచె ఆ మూత లోపలిదే.

ముప్పై రెండేళ్ళ తర్వాత ఆ పెట్టె మా ఇంటికి తిరిగొచ్చింది. గురువమ్మ పోయారట, మేనకోడలు పంపింది. అంచు దగ్గర పెచ్చు లేచింది, బాగుచేయమని చీటీ. చీటీ చివర, "లోపలి పురుగు తోక ఒకటి వంకరగా ఉంది, వీలుంటే అదీ సరిచేయగలరు," అని రాసింది. మా ఆయన అంచు బాగుచేయడానికి పదిహేను రోజులు తీసుకున్నాడు. పెట్టె కట్టబోతూ నేను మూత తిరగేసి చూశాను.

"ఏవండీ, తోక సంగతి మర్చిపోయారా?"

"ఏ తోక?"

"మూడోది. వంకరది."

ఆయన మూత అందుకుని, చూపుడువేలు చెంప మీద తుడుచుకుని ఆ తోక వెంబడి మెల్లగా పోనిచ్చాడు. మధ్యలో ఆ వంపు దగ్గర కొంచెంసేపు ఆగాడు.

"సరిగ్గానే ఉంది. మావయ్యకి అప్పుడే చెప్పాను కదా. ఇప్పుడు మాట మార్చమంటావా?" అన్నాడు.

తర్వాత కూర్చుని ఆ మేనకోడలికి ఉత్తరం రాశాడు. గజ్జెపురుగుల్లో ఆడది పాట వినేటప్పుడు తోకని సరిగ్గా అలాగే కాస్త పక్కకి వంచుతుందనీ, చిన్నప్పటినుంచీ పొలంలో తను కళ్ళారా చూశాననీ రాశాడు. పచ్చి అబద్ధం! ఏ పురుగూ అలా వంచదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ ఉత్తరం నేనే పట్టుకెళ్ళి పోస్టులో వేశాను.